సైబరాబాద్‌లో ఆకు, గడ్డి, గింజల క్రిస్మస్ అలంకరణ

క్రిస్మస్‌కు ఇళ్లనూ చర్చీలనూ ఆఫీసులనూ ఆకులు, కొమ్మలు, గడ్డి, కాయలు, గింజలు, పూలతో సింగారించే చేతిపని గురించిన వ్యాసం ఇది. హైదరాబాద్ పడమటి అంచున మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల మీదుగా సాగే ఐటీ కారిడార్‌లో, అంటే సైబరాబాద్‌లో, ఈ పనికి కావలసిన సరుకంతా డిసెంబరులో దగ్గర్లోనే దొరుకుతుంది. చుట్టుపక్కల జిల్లాల్లో వరికోతలు ముగింపుకొస్తాయి, పత్తి ఏరుతుంటారు, చామంతి విరగబూస్తుంది, బాదం ఆకు ఎర్రబడుతుంది. వానలు వెలిసి గాలి పొడిగా ఉంటుంది కనుక కోసుకొచ్చిన ఆకూ కాయా బూజు పట్టకుండా నీడలోనే ఎండిపోతాయి. కోస్తాలో చెమ్మ ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లకు ఈ సౌకర్యం అంతగా లేదు.

పనికి కావలసిన నేర్పు కూడా మనకు పరాయిది కాదు. విస్తరి కుట్టడం, మామిడాకు తోరణం కట్టడం, గాలిపటానికి బద్ద చీల్చడం, బతుకమ్మ పేర్చడం, చూరుకు వరికుచ్చు వేలాడదీయడం తెలిసిన ఇళ్ల నుంచే ఈ కారిడార్‌కు ఉద్యోగాలకు వచ్చినవాళ్లు చాలామంది. ఆ పనులు చూస్తూ పెరిగిన చేతులకు క్రిస్మస్ అలంకరణ అరగంటలో పట్టుబడుతుంది.

ఊరూ, నేపథ్యమూ

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. దానికి కూతవేటు దూరంలో ఉన్న శిల్పారామం అంతకంటే పాతది, 1992లో తలపెట్టిన చేతివృత్తుల గ్రామం. అద్దాల మేడలూ వెదురు బుట్టల అంగళ్లూ ఇంత దగ్గరగా ఉండటం ఈ ప్రాంతానికి దక్కిన అదృష్టం.

ఇక్కడ పండుగ చేసుకునేవాళ్లు ఒక్క ఊరివాళ్లు కారు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల కుటుంబాలు డాబా మీద వెదురు నక్షత్రం ఎత్తే అలవాటుతో వచ్చాయి. మలయాళీలు పుల్‌కూడు తెచ్చుకున్నారు. ఆ మాటకు గడ్డిగూడు అని అర్థం, కట్టేది మన పశువుల పాకే. తెలంగాణ కుటుంబాలకు క్రిస్మస్ అనగానే మెదక్ చర్చి కళ్లముందు కదులుతుంది. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పదేళ్లపాటు కట్టించిన ఆ చర్చి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది.

మధ్యలో థర్మోకోల్ వచ్చి గడ్డినీ వెదురునూ పక్కకు నెట్టింది. తెల్లగా, తేలిగ్గా, బ్లేడు పెడితే తెగేలా ఉండటంతో పాకా, మంచూ, గంటలూ, గోడమీది అక్షరాలూ అన్నీ దాంతోనే చేశారు. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. ఖాళీ అయిన ఆ చోటును ప్లాస్టిక్ పైన్ కొమ్మకు అప్పగించడం కంటే మన గడ్డికీ వెదురుకూ తిరిగి ఇవ్వడమే మేలని ఈ వ్యాసకర్త నమ్మకం.

నక్షత్రం

డిసెంబరు మొదలవగానే క్రైస్తవుల ఇళ్ల మీద ముందుగా వెలిగేది నక్షత్రం. బజారులో కొన్న మడత కాగితపు నక్షత్రాలు ఇప్పుడు ఎక్కువైనా, వెదురు బద్దలతో కట్టిన పెద్ద చుక్కను గడకర్రకు తగిలించి డాబా మీద నిలబెట్టడం తెలుగు నాట పాత పద్ధతి.

దీనికి పది బద్దలూ ఐదు చిన్న పుల్లలూ చాలు. బద్దలన్నీ ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి. ఐదు బద్దలను ఒకదాని కింద నుంచి ఒకటి దూర్చి, కొనలు కలిసే ఐదు చోట్లా దారంతో బిగిస్తే చదునైన చుక్క వస్తుంది. అలాంటివే రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి ఆనించి, ఐదు కొనల దగ్గరా జంటగా ముడివేయాలి. ఇప్పుడు లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల, ముందు చుక్కకూ వెనక చుక్కకూ మధ్య ఒక్కో పుల్లను అడ్డంగా నిలబెట్టాలి. పుల్ల పడిన కొద్దీ చుక్క నడుము ఉబ్బుతుంది, కొనలు మాత్రం సన్నగానే ఉంటాయి. బల్బు వేలాడేది ఆ ఉబ్బులోనే. పైన గాలిపటం కాగితం మైదా జిగురుతో అంటించి, వెనక ఒక ముక్క వదిలేస్తే బల్బు మార్చుకోవడానికి చేయి దూరుతుంది. ఫిలిప్పీన్స్‌లో పరోల్ అని పిలిచే క్రిస్మస్ దీపం సంప్రదాయ రూపం కూడా వెదురు బద్దలు, పల్చని కాగితంతో చేసిన ఇలాంటి ఐదు కొనల చుక్కే.

కాగితం కోసం వెతుక్కోనక్కర్లేదు. సంక్రాంతి మూడు వారాల్లో ఉంటుంది కనుక ధూల్‌పేటలో గాలిపటాలు కట్టేవాళ్లు డిసెంబరులో ఊపిరి సలపకుండా పనిచేస్తుంటారు. అక్కడ రంగు కాగితం రీములకొద్దీ దొరుకుతుంది. గాలిపటం బద్ద మాత్రం చిన్న చుక్కలకే పనికొస్తుంది. విల్లులా వంగడం దాని గుణం, నక్షత్రానికి కావలసింది వంగకుండా నిలిచే బద్ద. మూరెడు దాటిన చుక్కకు మేదరి వారి దగ్గర చీల్పించుకున్న గట్టి బద్దే తీసుకోవాలి. పచ్చిగా ఉన్నప్పుడు చీలిస్తే తిన్నగా చీలుతుంది, కణుపు దగ్గర మాత్రం కత్తి దారి తప్పుతుంది. ఆ గరుకును చెక్కి నునుపు చేయకపోతే కాగితం అక్కడే చిరుగుతుంది. వెదురుతో మరో వెసులుబాటు కూడా ఉంది. 2017లో అటవీ చట్టాన్ని సవరించి వెదురును చెట్ల నిర్వచనం నుంచి తప్పించారు కాబట్టి, అడవి కాని భూమిలో పెంచిన బొంగును కొట్టి తెచ్చుకోవడానికి పాత అనుమతుల చిక్కు లేదు.

చెట్టు

క్రిస్మస్ చెట్టు జర్మన్ల ఇళ్లలో పుట్టిన ఆచారం. స్ట్రాస్‌బర్గ్‌లో ఫిర్ చెట్లను ఇళ్లలో నిలబెట్టి కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు తగిలించేవారని 1605 నాటి రాత ఒకటి చెబుతోంది. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో లండన్ పత్రికలో అచ్చయ్యాక ఇంగ్లండ్‌లో ఇంటింటికీ పాకింది. ఫిర్, స్ప్రూస్ చెట్లకు మంచు దేశాల చలి కావాలి, తెలుగు నేల వాటికి సరిపడదు. కోస్తా చర్చీలు దానికి చక్కటి ప్రత్యామ్నాయం వెతుక్కున్నాయి. అదే సరుగుడు, కొన్ని చోట్ల సరివి అంటారు.

సరుగుడు కొమ్మను దగ్గరగా పట్టుకుని చూడాలి. సూదుల్లా వేలాడేవి ఆకులనుకుంటాం కానీ అవి సన్నటి రెమ్మలు. ఆకులు ఎక్కడున్నాయంటే, రెమ్మ మీద గీతల్లా కనిపించే ప్రతి కణుపు దగ్గరా ఏడెనిమిది చిన్న పళ్లలా వలయంగా అతుక్కుని ఉంటాయి. కణుపు దగ్గర లాగితే రెమ్మ టక్కున ఊడుతుంది, మళ్లీ దూర్చితే అతికినట్టే కూర్చుంటుంది. ఎక్కడ ఊడదీశానో చెప్పు అని పిల్లలు ఆడుకునే ఆట ఇదే. కాయలు బొటనవేలి గోరంత గుండ్రటి గరుకు ఉండలు. రెండు రోజులు ఎండితే వాటి ఒంటి నిండా పిట్ట ముక్కుల్లాంటి నోళ్లు తెరుచుకుని రెక్కల గింజలు రాలిపడతాయి. గింజలు దులిపేసి దండగా గుచ్చితే హిమాలయాల నుంచి వచ్చే పైన్ కాయ ఊసే ఎత్తనక్కర్లేదు. పందిళ్లకూ సెంట్రింగ్‌కూ, కాగితం మిల్లులకూ వెళ్లే సరుగుడు కర్రకు కొమ్మలు నరికేస్తారు కనుక, పండుగకు వాడేది చాలాసార్లు ఆ నరికిన కొమ్మలే. అయితే కొమ్మ తెచ్చిన నాలుగో రోజుకే రెమ్మలు రాలడం మొదలవుతుంది. తడి ఇసుక బకెట్లో నాటి రోజూ నీళ్లు పోస్తే పండుగ గట్టెక్కుతుంది.

నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మేది అరకేరియా. పైన్ జాతి కాదు, దాని సొంతూరు పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్, న్యూ కాలెడోనియా దీవులు. అంతస్తులంతస్తులుగా కొమ్మలు పరిచి నిలబడే ఈ మొక్క కుండీలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆఫీసు రిసెప్షన్‌లో ట్యూబ్‌లైట్ కింద ఉంచితే మాత్రం కింది కొమ్మలు వాడి రాలిపోతాయి, రాలిన చోట మళ్లీ కొత్త కొమ్మ రాదు. అందుకని పదకొండు నెలలు బాల్కనీలో, ఒక్క నెల హాల్లో అన్నది దీని లెక్క.

ఈ రెంటికంటే ఈ వ్యాసకర్తకు నచ్చింది ఎండుకొమ్మ. గాలివానకు విరిగిపడిన తురాయి కొమ్మో, కరెంటు తీగలకు అడ్డమని కొట్టేసిన వేప కొమ్మో తెచ్చి, బెరడు దులిపి, ఇసుక కుండలో నిలబెడితే దాని వంకరలే దానికి అందం. పచ్చని చెట్టు మీద చేయి వేయాల్సిన పనిలేదు. చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. కేబీఆర్ జాతీయ వనంలోనూ, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోనూ ఆకులూ కాయలూ కోయకూడదు. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైతే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించాల్సి వచ్చింది. ఈ కారిడార్‌లో మిగిలిన పచ్చదనం ఎంత విలువైనదో చూసినవాళ్లకు నేలరాలింది ఏరుకోవడమే సబబనిపిస్తుంది.

కొమ్మకు తగిలించేవాటికి కొదవలేదు. తెలంగాణలో లక్షల ఎకరాల్లో పండే పత్తి ఇందులో మొదటిది. దూదిని మంచులా చెట్టు మీద పరచడం అందరికీ తెలిసిందే, కానీ దూది ఏరాక చెట్టు మీద మిగిలే గుల్లను ఎవరూ పట్టించుకోరు. నాలుగైదు రేకులుగా విచ్చుకుని, గోధుమరంగులో, లోపల నునుపుగా, కొనలు సూదిగా ఉండే ఆ గుల్ల తనంతట తానే ఒక చుక్క. తొడిమకు దారం కడితే చాలు. పత్తికట్టెతోపాటు పొలంలో కాల్చేసే వస్తువు ఇది. ముదిరిన బీరకాయను ఎండబెట్టి పై తొక్క తీసి, గింజలు దులిపి, పీచును వేలి మందాన చక్రాలుగా కోస్తే మధ్యలో మూడు కన్నాల జాలీ కనిపిస్తుంది. వెనక దీపం పెడితే ఆ జాలీ నీడ గోడ మీద పడుతుంది. నల్లగొండ బత్తాయిని అడ్డంగా పల్చగా కోసి, ఓవెన్‌లో చాలా తక్కువ వేడి మీద మూడు నాలుగు గంటలు ఆరబెడితే, లేదా జాలీ మూత కింద నాలుగైదు రోజులు ఎండలో తిరగేస్తూ ఉంచితే, రంగు అద్దంలా మిగులుతుంది. బేగంబజార్ నుంచి తెచ్చిన అనాసపువ్వూ దాల్చినచెక్కా దాని పక్కన కడితే ఇల్లంతా బిర్యానీ మసాలా వాసన తగులుతుంది. హైదరాబాద్ క్రిస్మస్‌కు అంతకంటే తగిన వాసన ఏముంది!

కొనుక్కోవాలనుకునేవాళ్లకు కర్రబొమ్మలున్నాయి. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, మొక్కల రంగులు కలిపిన లక్కను పట్టించే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడేది తేలికైన పొనికి కర్ర. ఇవన్నీ శిల్పారామం అంగళ్లలో దొరుకుతాయి.

తలుపు మీద

పడమటి దేశాల్లో తలుపుకు గుండ్రటి ఆకుల వలయం తగిలిస్తారు. జర్మనీలోని హాంబర్గ్‌లో పాస్టర్ యోహాన్ హిన్రిక్ విహెర్న్ 1839లో అనాథ పిల్లలకు పండుగ రోజులు లెక్కపెట్టుకోవడానికి బండి చక్రానికి కొవ్వొత్తులు అమర్చి ఇచ్చాడు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ చర్చీల్లో వెలిగించే కొవ్వొత్తుల వలయానికి అదే మూలం, ఆకులు తర్వాత చేరాయి. తెలుగువాళ్లకు పూల వలయం అనగానే నివాళి గుర్తొస్తుంది. పెద్దవాళ్లు ఇంటి తలుపుకు దాన్ని కట్టడానికి వెనకాడేది అందుకే, ఆ సంకోచం అర్థం చేసుకోదగినదే. వలయం ఇష్టంలేని ఇంటికి తోరణం ఉండనే ఉంది.

వలయమే కావాలంటే మోదుగాకు తీసుకోవాలి. తెలంగాణలో విస్తళ్లు కుట్టేది దీంతోనే. తోలులా మందంగా ఉంటుంది, మడిస్తే చిట్లదు. ముందు తిప్పతీగను మూడు చుట్లు చుట్టి చట్రం చేసుకోవాలి. ఆకును గరాటులా చుట్టి, దాని అడుగును తీగకు ఆనించి, విస్తరి కుట్టినట్టే కొబ్బరి ఈనెతో గుచ్చి ఈనెను గిల్లేయాలి. తర్వాతి ఆకు గరాటు మూతి ముందటి దాని ఈనెను కప్పేలా పడాలి. అలా చుట్టూ తిరిగి వస్తే ఎక్కడా కుట్టు కనిపించదు. పచ్చగా ఉన్నది వారం తిరిగేసరికి రాగిరంగులోకి మారుతుంది కానీ ఆకారం చెడదు. మధ్యమధ్యలో జామాయిల్ రెమ్మలు దూర్చితే ఎండినా ఆ ఘాటు పోదు. మామిడి చెట్లకు పట్టే బదనిక కొమ్మలు కూడా వాడుకోవచ్చు. ఐరోపావాళ్లు క్రిస్మస్‌కు గుమ్మంలో వేలాడదీసే మిసిల్‌టో దీని దూరపు చుట్టమే, రెండూ ఇంకో చెట్టు మీద బతికేవే. బదనికను కోసేస్తే మామిడికీ హాయి.

ఇక గునుగు. బతుకమ్మ అడుగు వరుసల్లో పేర్చే ఈ పువ్వు రేకులు పుట్టుకతోనే కాగితంలా పొడిగా ఉంటాయి కనుక వాడిపోవడం అంటూ ఉండదు. దసరా వెళ్లాక కూడా ఖాళీ జాగాల్లో నిలిచి ఉన్న కంకులను కోసి, తలకిందులుగా నీడలో రెండు వారాలు వేలాడదీస్తే వెండిరంగు అలాగే మిగులుతుంది. నల్లటి సన్న గింజలు మాత్రం ముందే దులుపుకోవాలి, లేకపోతే నెలంతా నేల ఊడ్చుకోవడమే. బతుకమ్మకు అద్దినట్టే ఎరుపు రంగు నీళ్లలో ముంచి తీస్తే క్రిస్మస్ గుత్తి సిద్ధం. ఇక్కడి నేల ఇచ్చిన పువ్వుల్లో ఈ పండుగకు ఇంత ఒదిగేది ఇంకొకటి లేదు.

పాకా, కుచ్చూ

ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో క్రైస్తవ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి పరిచిన తొట్టి, ఎద్దు, గాడిదలతో క్రీస్తు పుట్టుకను కళ్లకు కట్టించాడు. పశువుల పాక కట్టే ఆచారం అక్కడి నుంచే విస్తరించిందని చెబుతారు. మన దగ్గర పాకకు వరిగడ్డి కప్పుతారు. ఇప్పుడు చిక్కొకటుంది. కోత మిషన్‌లో పడిన గడ్డి నలిగి, ముక్కలై వస్తుంది. పశువులకు అది సరిపోతుంది కానీ పాక కప్పుకూ కుచ్చుకూ పనికిరాదు. కొడవలితో కోసి, కొట్టి గింజ రాల్చిన పొడవాటి గడ్డిని ఊళ్లో ఎవరినైనా అడిగి ముందే ఒక మోపు తెప్పించుకోవాలి.

వరికుచ్చుకు గింజ రాల్చని కంకులు కావాలి. గడ్డిని రాత్రంతా తడిగుడ్డలో చుట్టి ఉంచితే అల్లేటప్పుడు విరగదు. కంకులను జడపాయల్లా అల్లుతూ పోతే గింజలన్నీ కిందికి వేలాడే గుత్తి తయారవుతుంది. పిచ్చుకల కోసం ఇంటి చూరుకూ గుడి మండపానికీ దీన్ని కట్టడం తెలుగువాళ్ల పాత అలవాటు. విచిత్రమేమంటే నార్వేలో కూడా క్రిస్మస్‌కు పిట్టల కోసం యూలెనెక్ అనే ధాన్యపు కట్టను ఇంటి బయట కడతారు. ఎక్కడి గోదావరి, ఎక్కడి నార్వే! హైటెక్ సిటీ అపార్ట్‌మెంట్లలో బాల్కనీలకు పావురాల వలలుంటాయి, కుచ్చు కడితే పిచ్చుక కంటే ముందు పావురం వచ్చి వాలుతుంది. కాబట్టి ఇంట్లో కట్టి పండుగయ్యాక కింద తోటలో కొమ్మకు మార్చడం మంచిది.

ఎర్ర ఆకు, రాత్రి వెలుతురు

పాయిన్‌సెట్టియా మెక్సికో మొక్క. 1825లో అక్కడికి అమెరికా రాయబారిగా వెళ్లిన జోయెల్ రాబర్ట్స్ పాయిన్‌సెట్ తన దేశానికి పంపించడంతో ఆయన పేరు పడింది. ఎర్రగా మెరిసేవి పూలు కావు, పువ్వు చుట్టూ ఉండే ఆకులు. అవి ఎర్రబడాలంటే అక్టోబరు మొదలు రెండు నెలలపాటు రోజూ పద్నాలుగు గంటల కటిక చీకటి కావాలి. మధ్యలో కాసేపు వెలుతురు తగిలినా మొక్క ఆ రాత్రిని లెక్కలోకి తీసుకోదు. వీధిదీపాలూ, ఎదురు టవర్ వెలుగులూ రాత్రంతా పడే బాల్కనీలో పెట్టిన మొక్క డిసెంబరు దాటినా పచ్చగానే ఉండిపోయేది ఇందుకే. నర్సరీవాడు మోసం చేశాడనుకోవద్దు. సాయంత్రం ఐదింటికి అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే ఏడింటికి తీస్తే అదే మొక్క ఎర్రబడుతుంది. చామంతిదీ ఇదే స్వభావం. పూత వెనక్కు నెట్టాలనుకున్న సాగుదారులు రాత్రిళ్లు బల్బులు వెలిగించేది దాన్ని ఆధారం చేసుకునే. ఈ తంటా వద్దనుకుంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో తెల్లవారుజామున చామంతీ బంతీ బుట్టలకొద్దీ దిగుతాయి, అరటినారతో గుచ్చుకోవడమే తరువాయి.

ముట్టకూడనివి

గురివింద గింజ ఎరుపూ నలుపూ ఎంత ముద్దొచ్చినా పిల్లలున్న ఇంట్లోకి రానీయకూడదు. నమిలితే ప్రాణం తీసే విషం అందులో ఉంది, దండకు కన్నం పొడిచిన గింజ ఇంకా ప్రమాదం. ఎర్ర గింజ కావాలంటే బండి గురివింద చెట్టు కింద ఏరుకోవచ్చు, అవీ నోట్లో పెట్టుకోనివ్వకూడదు. గన్నేరు ఆకు వలయానికి సరిగ్గా అతికేలా ఉంటుంది కానీ అదీ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, పాయిన్‌సెట్టియా పాలకు చర్మం దురదపెడుతుంది. గచ్చిబౌలి ఖాళీ ప్లాట్లలో తెల్లటి చిన్న పూలతో నిండుగా కనిపించే వయ్యారిభామను గుత్తుల మధ్య నింపడానికి కోయాలనిపిస్తుంది. దాని పుప్పొడి ఉబ్బసాన్నీ చర్మంపై దద్దుర్లనూ రేపుతుంది. పాత పుస్తకాల బైండర్లు పురుగు పట్టకుండా జిగురులో కలిపే మైలుతుత్తం కూడా విషమే, పిల్లలతో పని చేయించేటప్పుడు వట్టి మైదా జిగురే చాలు.

ఆఫీసు అంతస్తుల్లో

డిసెంబరులో ఐటీ కంపెనీల్లో ఎవరు కూర్చునే వరుసను వాళ్లు అలంకరించే బే డెకరేషన్ పోటీలు మామూలే. ఏసీ గాలి పచ్చని ఆకును రెండు రోజుల్లో అప్పడంలా మార్చేస్తుంది కాబట్టి అక్కడికి ముందే ఎండబెట్టిన వస్తువులే తీసుకెళ్లాలి. వాటికి నిప్పంటే భయం. స్వీడన్‌లోని గావ్లె పట్టణంలో 1966 నుంచి క్రిస్మస్‌కు నిలబెడుతున్న పెద్ద గడ్డిమేకను ఎన్నోసార్లు ఎవరో ఒకరు కాల్చేశారు, నిమిషాల్లో చట్రం మాత్రం మిగులుతుంది. గడ్డి, దూది ఉన్న చోట కొవ్వొత్తి వద్దు, వేడెక్కని ఎల్‌ఈడీ దీపాలే మేలు. సీలింగ్‌లోని స్ప్రింక్లర్‌కు తోరణం ముడివేయకూడదు, పొగను పసిగట్టే డిటెక్టర్‌ను కప్పకూడదు. బయట నుంచి తెచ్చిన కాయల్లో పురుగు ఉందేమోనన్న అనుమానం ఉంటే కవర్లో కట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే సరిపోతుంది.

పండుగ తర్వాత

చర్చి లెక్క ప్రకారం జనవరి 6న అలంకరణ దించుతారు. పది రోజులు తిరగకుండానే భోగి వస్తుంది. తీగలూ, దీపాలూ, రంగు పూసినవీ వేరుచేశాక మిగిలిన ఎండుకొమ్మ భోగిమంటకు చేరవచ్చు, గడ్డీ ఆకులూ కంపోస్టు గుంతకు వెళతాయి. గునుగు గుత్తులు, పత్తి గుల్లలు, సరుగుడు కాయల దండలు అట్టపెట్టెలో వేపాకు మధ్య దాచుకుంటే మరో ఏడాదికి పనికొస్తాయి. వలయానికి చట్రంగా చుట్టిన తిప్పతీగను మాత్రం పారేసే ముందు ఒకసారి చూడాలి. కోసి నెల దాటినా దానిలో ప్రాణం ఉంటుంది, ఒక్కోసారి తలుపు మీద ఉండగానే కణుపు దగ్గర లేత చిగురు తొంగిచూస్తుంది. ఆ చుట్టను విప్పి, జానెడు ముక్క కుండీలో గుచ్చి నీళ్లు పోస్తే, వచ్చే డిసెంబరుకు బాల్కనీ ఊచలకు కావలసినంత తీగ అల్లుకుని ఉంటుంది.